డ్యూటీకి అడ్డం వచ్చావని అన్యాయంగా అరెస్ట్ చేస్తే నష్టపరిహారం దావా ఎలా వేయాలి (విశాఖ వాళ్ల కోసం)

పోలీసు చెకింగ్ దగ్గర ఫోన్లో వీడియో తీశాడనో, "ఎందుకాపారు సార్" అని కాస్త గట్టిగా అడిగాడనో స్టేషన్‌కి తీసుకెళ్లి విధులకు ఆటంకం కేసు పెట్టేశారనుకోండి. అదివరకు ఐపీసీ 186, 353 అనేవాళ్లు, 2024 జులై 1 నుంచి జరిగినవాటికి బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన కొత్త నేరాల చట్టం) 221, 132. రెండూ ఒకటి కాదండీ. 221 అంటే ఊరికే అడ్డుకోవడం, మహా అయితే 3 నెలల జైలు, 2,500 దాకా ఫైన్. 132 అంటే చెయ్యి చేసుకున్నారనో తోశారనో రాస్తారు, 2 ఏళ్ల దాకా పడొచ్చు, నాన్ బెయిలబుల్ కూడా. అందుకే ముందు ఎఫ్ఐఆర్ కాపీలో ఏ సెక్షన్ ఉందో చూస్కోండి. ఒక్క 221 మాత్రమే ఉంటే ఆ ఆఫీసర్ గానీ ఆయన పైఆఫీసర్ గానీ కోర్టుకి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వాలి, అప్పుడే మేజిస్ట్రేట్ తీసుకుంటారు (బీఎన్ఎస్ఎస్ 215, అంటే అరెస్టులు, కోర్టు విచారణ ఎలా జరగాలో చెప్పే కొత్త చట్టం), అది లేకుండా మామూలు చార్జిషీట్ వేసేస్తే కేసు కొట్టేయించుకోడానికి మీకు అదే పెద్ద పాయింట్.

ఇప్పుడు అసలు సంగతి. కోర్టు వరండాలో ఎవరో ఒకరు చెప్తారు, "ఎందుకు బాబూ వాయిదాలకి తిరగడం, ఒప్పేసుకుని ఫైన్ కట్టేయ్, సాయంత్రానికి ఇంటికెళ్లిపోతావ్" అని. కట్టారంటే నేరం రుజువైనట్టే, ఇంక తప్పుడు కేసు పెట్టారని దావా వేసే దారి మూసుకుపోతుంది, ఎందుకంటే ఆ దావాలో మీరు మొదట చూపించాల్సిందే కేసు మీ వైపు తేలిందని, ఆ తర్వాత సరైన కారణం లేకుండా, కక్షతో పెట్టారని, దానివల్ల మీకు నష్టం జరిగిందని. రాజీ పడేటప్పుడు కూడా ఏం రాశారో చదివే సంతకం పెట్టండి.

గడువు విషయంలో చాలామంది తప్పులో కాలేస్తారు. అన్యాయంగా నిర్బంధించినందుకు వేసే దావాకి నిర్బంధం అయిపోయిన రోజు నుంచి 1 ఏడాది, తప్పుడు కేసు నడిపినందుకు వేసేదానికి కేసు కొట్టేసిన రోజు నుంచి 1 ఏడాది. రెండు గడియారాలు వేరువేరుగా తిరుగుతాయి! కేసు తేలాక చూద్దాంలే అని కూర్చుంటే మొదటిది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. పైగా రిమాండ్‌కి పంపాక ఉన్న రోజులు కోర్టు ఆర్డర్ మీద ఉన్నవి కదా, కాబట్టి సేఫ్‌గా అరెస్ట్ రోజు నుంచే లెక్కేసుకోండి.

దావాకి ముందు నోటీసు తప్పనిసరి, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80. మీ పేరు, అడ్రసు, ఏం జరిగింది, ఎంత అడుగుతున్నారు అన్నీ రాసి, ప్రభుత్వం తరఫున సెక్రటరీకి గానీ మహారాణిపేటలో మన కలెక్టరేట్‌కెళ్లి కలెక్టర్‌కి గానీ ఇవ్వాలి, ఆ ఆఫీసర్‌కి వేరే కాపీ. మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి, నోటి మాట మీద నమ్మి వచ్చేయకండి. 2 నెలలు ఆగాక దావా వేస్తారు, ఆ 2 నెలలు గడువులో లెక్కపెట్టరు. ప్రతివాదులుగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, ఆ ఆఫీసర్ ఇద్దర్నీ పెడతారు. ఏ కోర్టు, కోర్టు ఫీజెంత అనేది మీరు అడిగే డబ్బుని బట్టి ఉంటుంది, అందుకే కోటి అని గొప్పగా రాసేయకండి, ఫీజు మీరే కట్టాలి. నిజంగా కట్టలేకపోతే ఆర్డర్ 33 కింద నిరుపేదగా పర్మిషన్ అడగొచ్చు.

కాగితాలంటే అరెస్ట్ మెమో, అరెస్ట్‌కి కారణాలు రాసిచ్చిన కాగితం (ఇవ్వకపోతే అదే మీకు ఆయుధం), మెడికల్ రిపోర్టు, రిమాండ్ రిపోర్టు, తీర్పు సర్టిఫైడ్ కాపీ, పోయిన జీతం లెక్క, లాయర్ ఫీజు రసీదులు. అరిలోవ సెంట్రల్ జైల్లో ఉంచితే విడుదల తేదీ ఉన్న కాగితం కూడా. సీసీటీవీ మాత్రం మొదటి వారంలోనే చూసుకోండి. స్టేషన్లలో కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది, కానీ మీ కేసు తేలేసరికి అది చెరిగిపోతుంది కదా. అందుకే ఫలానా తేదీ, ఫలానా టైం ఫుటేజ్ భద్రపరచండి అని పోలీస్ కమిషనర్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, ఆర్టీఐ కూడా పెట్టండి.

ఇంకో దారి హైకోర్టులో రిట్, అంటే హక్కులు కాలరాశారని రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్. అమరావతి నేలపాడులో. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టకపోవడం లాంటిది రికార్డులోనే తేటతెల్లంగా కనిపిస్తుంటే ఇది బాగుంటుంది, మీరొకటి వాళ్లొకటి చెప్పే గొడవైతే సివిల్ కోర్టుకి వెళ్లమంటారు. అన్యాయంగా అరెస్టయిన జమ్మూ కాశ్మీర్ ఎమ్మెల్యే భీమ్ సింగ్ కేసులో 1985లో సుప్రీంకోర్టు 50,000 ఇప్పించింది, తప్పుడు గూఢచర్యం కేసులో ఇరుక్కున్న ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కి 2018లో 50 లక్షలు. మానవ హక్కుల కమిషన్‌కి ఫీజు లేదు, ఘటన జరిగిన ఏడాదిలోపు పెట్టాలి. బీఎన్ఎస్ఎస్ 399 కింద మేజిస్ట్రేట్ దగ్గర కూడా పరిహారం అడగొచ్చు, మిమ్మల్ని కారణం లేకుండా అరెస్ట్ చేయించిన మనిషి దగ్గర్నుంచి, కానీ గరిష్ఠం 1,000 రూపాయలు, కోర్టుకొచ్చిన ఆటో ఖర్చులకే సరిపోదు.

లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఫ్రీగా లాయర్‌ని ఇస్తారు. వెళ్లేటప్పుడు ఆధార్, ఎఫ్ఐఆర్ కాపీతో పాటు అరెస్ట్ తేదీ, విడుదల తేదీ, కేసు కొట్టేసిన తేదీ ఒక తెల్ల కాగితం మీద పైనే రాసుకెళ్లండి.