సెలవులు మొదలయ్యేలోపే సర్దుకోవాల్సిన వీడియో తాళాలు

సెలవుల మొదటి రోజు పొద్దున్నే పిల్లవాడు "ఫోన్ ఇవ్వమ్మా" అని పక్కన గోల చేస్తుంటే సెట్టింగ్స్ సరిచేయడం అయ్యే పని కాదు. ఏదో ఒకటి నొక్కి చేతికిచ్చేస్తాం. అందుకే ఒక వారం ముందు, పిల్లలు పడుకున్నాక, గంటసేపు దీనికోసం కూర్చోండి.

చిన్నపిల్లలకు మామూలు యూట్యూబ్ వద్దు, యూట్యూబ్ కిడ్స్ పెట్టండి. అందులో 4 ఏళ్లు, అంతకంటే చిన్నవాళ్లకు, 5 నుంచి 8, 9 నుంచి 12 అని మూడు స్థాయిలున్నాయి. ఇవి కాక, మీరు ఎంచిన వీడియోలు, ఛానెళ్లు మాత్రమే కనిపించే పద్ధతి ఇంకొకటి ఉంది. చాలామంది దాని జోలికి వెళ్లరు, ఎంచడానికి ఓపిక కావాలి కాబట్టి. బడికి వెళ్లని పిల్లలకైతే నేను దాన్నే పెట్టమంటాను. 2017లో పిల్లలకు ఇష్టమైన కార్టూన్ బొమ్మలనే వాడుకుని, లోపల భయపెట్టే, అసభ్యమైన దృశ్యాలు నింపిన వీడియోలు కుప్పలుగా బయటపడ్డాయి. కొన్ని కిడ్స్ యాప్‌లోకి కూడా దూరాయి. పైన బొమ్మ చూస్తే పెద్దవాళ్లం కూడా పోల్చుకోలేం. పై మూడు స్థాయిల్లో ఏది పెట్టినా సెర్చ్ ఆపేయండి, ఆటోప్లే కూడా. ఒక వీడియో అయ్యాక ఇంకోటి దానంతటదే మొదలవుతుంటే ఏ పిల్లకైనా ఎక్కడ ఆపాలో తెలియదు.

ఆ యాప్‌లో పెద్దల సెట్టింగ్స్ తెరవడానికి ఒక గుణకారం అడుగుతుంది. ఎక్కాలు వచ్చిన పిల్లలకు అదొక అడ్డే కాదు, కాబట్టి మీ సొంత పాస్‌కోడ్ పెట్టుకోండి. పుట్టిన సంవత్సరం పెట్టకండి, పిల్లల ముందు నొక్కకండి. మా అబ్బాయి నా ముఖం చూస్తున్నాడనుకునేదాన్ని, వాడి చూపంతా నా బొటనవేలి మీదే. పైన ఎడమ, మధ్య, కింద, మళ్లీ మధ్య. వాడికి అంకెలతో పనే లేదు, వేలు కదిలిన దారి గుర్తుంటే చాలు. అప్పటినుంచి ఫోన్ నా వైపు తిప్పుకునే నొక్కుతున్నాను.

తొమ్మిదేళ్లు దాటిన వాళ్లు కిడ్స్ యాప్‌ని చిన్నపిల్లలదని పక్కన పడేస్తారు. వాళ్లకు మామూలు యూట్యూబ్‌లోనే 2021లో వచ్చిన సూపర్‌వైజ్డ్ ఖాతా, అంటే పెద్దల పర్యవేక్షణలో నడిచే ఖాతా, పనికొస్తుంది. మీ గూగుల్ ఖాతాకు పిల్లల ఖాతా కలిపి, ఏ వయసు వీడియోలు కనిపించాలో మీరే నిర్ణయించవచ్చు. పిల్లల ఫోన్‌ని అమ్మానాన్నలు అదుపు చేసే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్‌లో రోజుకి ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఫోన్ లాక్ అవ్వాలి అన్నవి కూడా పెట్టుకోండి. ఆ సమయం ఎంతో పిల్లలతో ముందే మాట్లాడండి. చెప్పకుండా పెడితే సగం వీడియోలో లాక్ పడి ఇంట్లో యుద్ధమే.

అసలు టెన్షన్ మనం మరిచిపోయే దారులతోనే. మామూలు యూట్యూబ్‌లో పెద్దల వీడియోలను వడకట్టే రిస్ట్రిక్టెడ్ మోడ్ ఒక ఫోన్‌లో పెడితే టీవీకి రాదు, ప్రతి పరికరంలో, ప్రతి బ్రౌజర్‌లో విడిగా పెట్టాలి. యాప్ తీసేసినా బ్రౌజర్‌లో అదే సైట్ తెరుచుకుంటుంది. నెట్‌ఫ్లిక్స్‌లో పిల్లల ప్రొఫైల్ ఒక్కటే చేస్తే చాలదు, పక్కనే ఉన్న మీ ప్రొఫైల్‌కి పిన్ లేకపోతే ఒక్క నొక్కుతో అందులోకి వెళ్లిపోతారు. అన్నిటికంటే పెద్ద దారి తాతయ్య ఫోన్. ఆయన కాదనలేరు, అందులో ఏ తాళమూ ఉండదు. ఆయనకు ముందే నచ్చజెప్పి, ఆ ఫోన్ కూడా మీరే సర్దండి.

ఇన్ని చేసినా ఏదో ఒకటి దూరుతుంది. "భయమేసేది కనిపిస్తే ఫోన్ బోర్లా పెట్టేసి నా దగ్గరికి రా, తిట్టను" అని పిల్లలకు చెప్పండి. వచ్చినప్పుడు నిజంగానే తిట్టకండి. ఆ వీడియోని, ఆ ఛానెల్‌ని వాళ్ల ముందే బ్లాక్ చేయండి. ఆ రోజు హిస్టరీ కూడా ఒకసారి చూడండి, అంతకుముందు చూసిన రెండు మూడు వీడియోల్లోనే అది ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది.