స్కాన్‌లో అండాశయం సిస్ట్ అని వస్తే: ఎప్పుడు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు

పొత్తికడుపు నొప్పికి స్కాన్ తీయిస్తే సిస్ట్ (తిత్తి) అని వచ్చిందనుకోండి, మన ఒంగోలు, కనిగిరి వైపు ముందు వినపడే సలహా "గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది" అని. కాస్త ఆగండి. సిస్ట్ ఉన్నది అండాశయంలో, గర్భసంచి ఒక్కటే తీసేస్తే అది ఎక్కడికీ పోదు. పైగా నెలసరి వస్తున్నవాళ్లలో ఎక్కువ భాగం అండం తయారయ్యే క్రమంలో ఏర్పడే నీటి తిత్తులే, రెండు మూడు నెలల్లో వాటంతటవే కరిగిపోతాయి.

రిపోర్టులో ముందు కొలత చూడండి. చాలాసార్లు మిల్లీమీటర్లలో రాస్తారు, 42 అని చూసి గుండె గుభేలుమంటుంది గానీ అది 4.2 సెంటీమీటర్లే. సింపుల్ సిస్ట్ అని ఉంటే లోపల ఉన్నది వట్టి నీరు. నెలసరి వస్తున్నవాళ్లకు 5 సెం.మీ. లోపుంటే, ఇబ్బందేమీ లేకపోతే, మామూలుగా ఏమీ చేయక్కర్లేదు, 5 నుంచి 7 మధ్యయితే ఏడాదికోసారి స్కాన్‌తో గమనిస్తారు, 7 దాటితే ఎమ్మారై గానీ ఆపరేషన్ గానీ ఆలోచిస్తారు. హెమరేజిక్ అంటే లోపల రక్తం చేరిందని, అదీ తరచుగా తగ్గిపోయేదే. డెర్మాయిడ్ (లోపల కొవ్వు, వెంట్రుకలు లాంటివి ఉండేవి), చాక్లెట్ సిస్టులు (గర్భసంచి లోపలి పొర లాంటిది అండాశయంలో పెరిగి పాత రక్తం చేరినవి) అలా కరిగిపోవు. సాలిడ్ (గట్టి భాగం) అనో, సెప్టేషన్స్ (లోపల అడ్డుగోడలు) అనో ఉన్నా, ముట్లుడిగాక సిస్ట్ కనపడినా గైనకాలజిస్టుకు చూపించడం వాయిదా వేయొద్దు. ఇక పీసీఓడీ (హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) సంగతి వేరు, దాన్ని దీంతో కలపకండి.

అండాశయం కేన్సర్ అనుమానంతో చేయించే సీఏ 125 రక్తపరీక్ష ఎక్కువొచ్చిందని కేన్సరే అనుకుని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. నెలసరిలో ఉన్నా, ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో వచ్చే కేన్సర్ కాని గడ్డలు) ఉన్నా, కడుపులో టీబీ ఉన్నా అది పెరుగుతుంది.

అసలు భయపడాల్సింది ఉన్నట్టుండి ఒక పక్క మెలిపెట్టేసే నొప్పికి, అందులోనూ వాంతులు తోడైతే. సిస్ట్ బరువుకు అండాశయం మెలి తిరిగి రక్తం అందకపోతే గంటల్లోనే దెబ్బతింటుంది. గ్యాసేలే అని సోడా తాగి, ఊళ్లో ఆర్ఎంపీతో ఒక ఇంజెక్షన్ పొడిపించుకుని తెల్లారాక చూద్దాం అనే ఆలోచన ఇక్కడ పనికిరాదు. ఉదయగిరి, కనిగిరి లాంటి చోట్ల నుంచి పెద్దాసుపత్రి దూరం కాబట్టి వెంటనే 108కి ఫోన్ చేసి నెల్లూరుకో, ఒంగోలు రిమ్స్‌కో బయల్దేరండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి దారిలో ఏమీ తినొద్దు. నొప్పితో కళ్లు తిరిగి పడిపోయినా, జ్వరమొచ్చినా ఇదే మాట. నెల తప్పి ఉండి నొప్పీ, రక్తపు చుక్కలూ కనపడితే గర్భం ట్యూబులో నిలిచిందేమో, ఆ విషయం డాక్టరుకు దాచకుండా చెప్పాలి, పెళ్లి కాని పిల్లైనా సరే.

ఇంకో రకం ఇబ్బంది మెల్లగా వస్తుంది, అది అండాశయం కేన్సర్‌కు గుర్తు కావచ్చు. రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం, పొట్ట ఉబ్బరం, మాటిమాటికీ మూత్రానికి పోవడం, పొత్తికడుపు బరువు. పొగాకు గ్రేడింగ్‌లో పొద్దస్తమానం కూర్చునే అమ్మలు దీన్ని పని మీదకు నెట్టేస్తుంటారు. కొత్తగా మొదలై రెండు మూడు వారాలుగా దాదాపు రోజూ ఉంటే, యాభై దాటినవాళ్లయితే మరీ, స్కాన్ తీయించండి. ఇంట్లో ఎవరికైనా రొమ్ము, అండాశయం కేన్సర్ వచ్చి ఉంటే అదీ చెప్పండి.

వెళ్లేటప్పుడు పాత స్కాన్లన్నీ సంచిలో వేసుకోండి, కిందటి నెలసరి తేదీ గుర్తుంచుకోండి. పొట్ట పైనుంచి తీసే స్కానుకు నీళ్లు తాగి మూత్రం ఆపుకోవాలి. ఆపరేషన్ అంటే రెండు అడగండి: తిత్తి వరకే తీసి అండాశయం ఉంచొచ్చా? ఇప్పుడే చేయాలా, మళ్లీ స్కాన్ దాకా ఆగొచ్చా?