ఉలిక్కిపడేవాళ్ళతో ఎలా మసలాలి, మనమే ఉలిక్కిపడితే ఏం చెయ్యాలి

వెనకనుంచి చిన్న చప్పుడైతేనే ఎగిరిపడే మనిషిని మన గోదావరి ఊళ్ళల్లో పిరికిగొడ్డు అనేస్తారండి, మొదట చెయ్యాల్సిన పని ఆ మాట మానేయడం. ఉలికిపాటు అనేది ఒంటి పని, ధైర్యం పని కాదు. పెద్ద శబ్దం చెవిలో పడ్డాక సెకనులో ఇరవయ్యో వంతు అయ్యేలోపే కనురెప్ప కదిలిపోతుంది, వెంటనే మెడ బిగుస్తుంది, భుజాలు లేస్తాయి, మోచేతులు మోకాళ్ళు వంగుతాయి, ఇదంతా మనం ఆలోచించే మెదడు దాకా వెళ్ళకుండా దాని కింద, వెన్నుపాముతో కలిపే మెదడు కాండం దగ్గరే తేలిపోతుంది. 1939లో లాండిస్, హంట్ అనే ఇద్దరు సైకాలజిస్టులు మనుషుల దగ్గర తుపాకీ పేల్చి హైస్పీడ్ కెమెరాతో తీసిన ఫిల్ముల్లో ఇదే వరస కనపడింది, మిగతా కదలికలు ఒక్కొక్కళ్ళకి ఒక్కోలా తగ్గినా కన్ను మూసుకోవడం మాత్రం పోలేదు. డార్విన్ అంతటాయన లండన్ జూలో విషప్పాము ఉన్న మందపాటి అద్దానికి మొహం దగ్గరపెట్టి, అది కొట్టినా కదలకూడదని గట్టిగా అనుకుని మరీ నిలబడ్డాడు, పాము అద్దాన్ని కొట్టగానే గజం రెండు గజాలు వెనక్కి గెంతేశాడు, 1872లో తనే రాసుకున్నాడు.

మరి మనిషి స్వభావం ఎక్కడ కనపడుతుందంటే ఆ తర్వాత సెకనులో. కొబ్బరి మట్ట రేకుల మీద దబ్బుమని పడిందనుకోండి, ఇంట్లో నలుగురూ ఉలిక్కిపడతారు, కానీ ఒకళ్ళు "ఓరి నాయనో" అని గుండె మీద చెయ్యేసుకుంటారు, ఒకళ్ళు నవ్వేస్తారు, ఒకళ్ళు బిగుసుకుపోయి అలాగే నిలబడిపోతారు, ఇంకొకళ్ళు "ఎవడ్రా అదీ" అని పక్కనున్నవాళ్ళ మీద విరుచుకుపడతారు. మామూలుగానే దేనికైనా ఎక్కువ కంగారుపడే తత్వం ఉన్నవాళ్ళకి ఈ రెండో భాగం చాలాసేపు ఉంటుంది, గుండె దడ తగ్గడానికి టైం పడుతుంది. మార్చుకోగలిగింది కూడా ఈ రెండో భాగమేనండి, మీ ఇంట్లో ఎవరు ఏ రకమో ఓ నెల్రోజులు గమనించండి, మిమ్మల్ని కూడా కలిపి.

మీరే ఎక్కువ ఉలిక్కిపడే మనిషైతే ఆపాలని ప్రయత్నించకండి, ఆగదు. ఉలిక్కిపడ్డాక చేతిలో ఏముంటే అది కింద పెట్టేయండి, పాదాలు నేలకి ఆనించి ఊపిరి మెల్లగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు బయటికి వదలండి, తర్వాత ఆ చప్పుడేంటో పైకి అనండి, "మట్ట పడింది", "కుక్కర్ కూసింది", అంతే. దీన్ని చిన్న చప్పుళ్ళకి కూడా చేస్తుంటే అలవాటవుతుంది, పెద్దదానికి అదే వచ్చేస్తుంది. కోపం తన్నుకొచ్చే రకమైతే ఇంకో నియమం పెట్టుకోండి, దడ తగ్గేదాకా ఎవర్నీ పేరు పెట్టి పిలవకూడదు. ఎందుకంటే ఆ క్షణంలో నోట్లోంచి వచ్చిన మాట పిల్లలకి చాలాకాలం గుర్తుంటుంది.

ఇంట్లోవాళ్ళు చెయ్యాల్సింది ఇంకా ఎక్కువండి. కత్తిపీట మీద కూర తరుగుతున్నవాళ్ళ దగ్గరికి, పొయ్యి మీద నూనె మూకుడు ఉన్నవాళ్ళ దగ్గరికి చప్పుడు చేసుకుంటూ వెళ్ళండి, గుమ్మం దగ్గరనుంచే "అత్తయ్యా నేనేనండీ" అంటూ. దింపు కోసం చెట్టెక్కిన మనిషిని కిందనుంచి హఠాత్తుగా అరిచి పిలవకండి. రాత్రి రొయ్యల చెరువు గట్టు మీద ఏరియేటర్లు చూసుకుంటున్నవాళ్ళకి ఆ మోతలో అడుగుల చప్పుడు వినపడదు, దూరంనుంచే టార్చి వేసి పిలవండి. కాలవగట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ వెళ్తున్న పెద్దాయన వెనక్కొచ్చి హారన్ కొట్టకండి, దూరంగా ఉన్నప్పుడే చిన్నగా ఒకసారి కొట్టండి, చాలు. ముందే తెలిస్తే కన్ను మూసుకోవడం ఆగకపోయినా ఒళ్ళు అదరడం తగ్గుతుంది.

చీకటి, భయం ఉన్నప్పుడు అదే చప్పుడుకి ఎక్కువ ఉలిక్కిపడతాం, ఇది ప్రయోగాల్లో తేలిన విషయమే. అందుకే తుఫాను రాత్రి కరెంటు పోయినప్పుడు చిన్న దీపమైనా వెలిగించి ఉంచండి, పిల్లలకి దెయ్యాల కథలు ఆ పూట చెప్పకండి.

టపాకాయలంటే ఏడ్చే పిల్లల్ని పక్కన నిలబెట్టి బాంబు పేల్చి "అలవాటవుతుందిలే" అనడం తప్పు. అలవాటు అనేది చిన్న చప్పుడు, మళ్ళీమళ్ళీ, దూరంనుంచి, ఆపే అధికారం పిల్లాడి చేతిలో ఉన్నప్పుడు వస్తుంది. అరుగు మీదనుంచి చూడనివ్వండి, ఓ ఏడాది అక్కడితోనే సరిపెట్టుకున్నా పర్లేదు.

ఇక ఊళ్ళో ఎవరో ఒకరు విపరీతంగా అదిరిపడే మనిషి ఉంటారు, టీకొట్టు దగ్గర పనిగట్టుకుని నడుం పొడిచి నవ్వుతుంటారు కదా, అది ఆపండి, దయచేసి. 1880 ప్రాంతంలో అమెరికాలో మెయిన్ రాష్ట్రపు అడవుల్లో కలప కొట్టేవాళ్ళలో ఇలాంటివాళ్ళ గురించి బేర్డ్ అనే డాక్టరు రాశాడు, వాళ్ళు ఉలిక్కిపడ్డప్పుడు "విసురు" అని అరిస్తే చేతిలో కత్తి ఉన్నా విసిరేసేవాళ్ళంట. మలేషియాలో లాటా అని పిలిచేదీ దాదాపు ఇలాంటిదే, చుట్టూ ఉన్నవాళ్ళు మళ్ళీమళ్ళీ ఉలిక్కిపడేలా చేస్తూనే ఉంటారు. ఆటపట్టించేవాళ్ళు నవ్వుకుని వెళ్ళిపోతారు, ఆ మనిషి మాత్రం రోజంతా వీపు గోడకి ఆనించుకుని కూర్చుంటాడు.

పసిపిల్లలు ఉలిక్కిపడి చేతులు బార్లా చాపితే జడుసుకున్నారని కంగారుపడకండి, దాన్ని మోరో రిఫ్లెక్స్ అంటారు, నాలుగు నుంచి ఆరు నెలలకి పోతుంది. పడుకోబెట్టేటప్పుడు తల మెల్లగా దించండి, అంతే. ఆరు నెలలు దాటినా ఉన్నా, చప్పుడుకి ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోతున్నా పిల్లల డాక్టరుకి చూపించాలి.

మన కోనసీమలో 1995 జనవరిలో అంటుకున్న పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలపైన మండింది, 2014 జూన్‌లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలింది. అలాంటివి, లేదా యాక్సిడెంట్లు దాటొచ్చిన మనిషి నెల దాటినా ప్రతి చప్పుడుకీ అదిరిపడుతూ, నిద్రపట్టక, ఆ దారినే వెళ్ళనంటుంటే దానికి వైద్యం ఉందండి. తాయెత్తు కట్టించుకుంటానంటే కట్టించండి, దాంతోపాటు సైకియాట్రిస్టు దగ్గరికీ తీసుకెళ్ళండి, ముందు మాట్లాడి చూద్దామంటే టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యొచ్చు, ప్రభుత్వందే, డబ్బులేం కట్టక్కర్లేదు. అలారం మోగితేనో ఫోన్ మోగితేనో స్పృహ తప్పి పడిపోయేవాళ్ళ సంగతి వేరు, పుట్టుకతో గుండె లయలో తేడా ఉన్న కొందరికి హఠాత్ శబ్దమే ప్రమాదం. వాళ్ళకి ఆలస్యం చెయ్యకుండా ఈసీజీ తీయించండి, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో ఉన్నట్టుండి పోయుంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.