మొరటు దారికి బండి – 4వ పాఠం: గాల్లో వేలాడే చక్రం

ఈ పాఠం "లో రేంజ్"తో, అంటే బండిని నెమ్మదిగా, బలంగా నడిపే అదనపు గేరుతో, మొదలవ్వాలి. కానీ పోయినసారి ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక, ముందు దాని సంగతి తేల్చక తప్పదనిపించింది.

లెక్క గుర్తుంది కదా. రెండు బళ్ళు. "అ" బండికి గ్రౌండ్ క్లియరెన్స్ 220 మి.మీ., నాలుగు చక్రాలకూ ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికా చక్రం విడిగా కదులుతుంది), లో రేంజ్ లేదు. "ఆ" బండికి 200 మి.మీ., ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), లో రేంజ్ ఉంది, వెనక డిఫ్‌కి, అంటే ఎడమ కుడి చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్‌కి, లాకర్ ఉంది. లోపల నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. రాళ్ళ దారి, మధ్యలో ఒక ఎక్కుడు, ఆ ఎక్కుడు మీద ఎడమవైపు ఒక గుంత, కుడివైపు ఒక గుంత, మళ్ళీ ఎడమ, మళ్ళీ కుడి. ఏ బండి తీసుకెళ్తారు?

ఎక్కువమంది "అ" అన్నారు. అందరి కారణమూ ఒకటే: 20 మి.మీ. ఎక్కువ ఉందిగా!

తప్పులో సగం నాది. "ముందు క్లియరెన్స్ చూడండి" అని రాశాను. మొదట చూసి పక్కన పెట్టమని నా ఉద్దేశం. అన్నిటికన్నా ముఖ్యం అని మీరు చదువుకున్నారు. సరే, ఇప్పుడు విప్పి చెబుతాను. కాస్త ఓపిక పట్టండి, ఈ ఒక్క అంకె మీద నాకు పాత కోపం ఉంది.

గ్రౌండ్ క్లియరెన్స్ అంటే బండి అడుగున అన్నిటికన్నా కిందికి ఉన్న భాగానికీ నేలకీ మధ్య ఎడం. ఆ భాగం ఏది అన్నది కాగితం మీద రాయరు. బండి ఖాళీగా ఉన్నప్పుడు కొలిచారా, బరువుతోనా అన్నది కూడా చాలాసార్లు రాయరు. కాబట్టి రెండు కంపెనీల అంకెలు పక్కపక్కన పెట్టి 20 మి.మీ. తేడా చూసి మురిసిపోవడంలో అర్థం లేదు.

అంతకన్నా పెద్ద మెలిక ఇంకొకటి. సాలిడ్ యాక్సిల్ బండిలో అన్నిటికన్నా కిందికి ఉండేది మామూలుగా డిఫరెన్షియల్ గుండు. అది యాక్సిల్‌లో భాగం. యాక్సిల్ రెండు చక్రాల మధ్య బిగించిన ఒకే దూలం. మీరు పదిమందిని ఎక్కించండి, పైన బాడీ దిగుతుంది, డిఫ్ దిగదు. టైరు కాస్త నొక్కుకుంటుంది, అంతే. ఇండిపెండెంట్ బండిలో డిఫ్ బాడీకో సబ్‌ఫ్రేముకో బిగించి ఉంటుంది. బాడీ ఎంత దిగితే అదీ అంత దిగుతుంది. నలుగురు ఎక్కి, సామాను నింపి, "అ" బండి 45 మి.మీ. కుంగిందనుకోండి. 220 కాస్తా 175 అయింది. "ఆ" బండి డిఫ్ ఇంకా 200 దగ్గరే ఉంది. మీరు ఏ 20 మి.మీ. చూసి "అ" అన్నారో, అది ఇల్లు కదలకముందే పోయింది.

ఇక బండి కదిలాక చూడండి. ఎదురుగా ఒక రాయి. "ఆ" బండిలో టైరును దాని మీదికి ఎక్కిస్తే చక్రంతోపాటు యాక్సిల్ కూడా పైకి లేస్తుంది, డిఫ్ కూడా కొంత లేస్తుంది. "అ" బండిలో ఆ చక్రం ఒక్కటే ఆర్చిలోకి ముడుచుకుంటుంది, మధ్యలో పొట్ట దాదాపు ఉన్నచోటే ఉంటుంది. రాయి పక్కనుంచి పొట్ట కిందికి వచ్చేసరికి ఎడం ఉండదు. వేగంగా గుంతలోకి దిగినా ఇంతే, స్ప్రింగు నొక్కుకున్న క్షణంలో మీ 220 ఎంతకు పడిందో ఎవరూ కొలవరు, కింద తగిలిన చప్పుడే చెబుతుంది.

అలాగని సాలిడ్ యాక్సిల్ దేవుడేం కాదు. బరువుకు దాని చాసిస్ మధ్యభాగం కూడా దిగుతుంది, బ్రేకోవర్ కోణం, అంటే పొట్ట ఆనకుండా ఎంత నిటారు మిట్ట దాటగలదో చెప్పేది, తగ్గుతుంది. పైగా ఆ డిఫ్ గుండు ఎప్పుడూ అక్కడే వేలాడుతూ ఉంటుంది. లారీలు, ట్రాక్టర్లు తిరిగిన దారిలో రెండు లోతైన గాళ్ళు, మధ్యలో మిట్ట ఉంటుందే, అక్కడ అది నాగలిలా దిగబడుతుంది. కాకపోతే ఎక్కడ తగులుతుందో ముందే తెలుసు కాబట్టి తప్పించుకోవచ్చు.

నాకు తెలిసింది ఎలాగో చెబుతాను. నా మొదటి ఫోర్ బై ఫోర్‌కి రెండంగుళాల లిఫ్ట్ కిట్ వేయించాను. పొడుగాటి స్ప్రింగులు, కొత్త షాకులు. బండి ఎక్కడానికి కాలు సాచాల్సి వచ్చేది, ఆ గర్వమే వేరు. వారం తిరక్కముందే ఒక గాడిలో వెనక డిఫ్ మిట్ట మీద కూర్చుంది, చక్రాలు రెండూ తేలిపోయాయి. కిందికి దూరి చూస్తే డిఫ్ పాత ఎత్తులోనే ఉంది. ఉండక ఏం చేస్తుంది, స్ప్రింగులు యాక్సిల్‌కి పైన కదా ఉండేది! సాలిడ్ యాక్సిల్‌లో డిఫ్‌ను నేల నుంచి పైకి లేపేది మామూలుగా పెద్ద టైరే. అదీ సగమే. టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే డిఫ్ లేచేది ఒక అంగుళం. లిఫ్ట్ వల్ల లాభం లేదని కాదు. ఆ పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది, నేలకు తగలకుండా దాటే ముందు, మధ్య, వెనక కోణాలు పెరుగుతాయి. క్లియరెన్స్ రెండంగుళాలు పెరిగింది అని మాత్రం అనకండి, నా దగ్గర అనకండి.

ఇంకొక్క ఉదాహరణ చెప్పి ఈ అంకెను వదిలేస్తాను. సుజుకీ జిమ్నీలో మూడు తలుపులది, అయిదు తలుపులది అని రెండున్నాయి. రెండింటికీ కంపెనీ చెప్పే క్లియరెన్స్ 210 మి.మీ. చక్రాల మధ్య దూరం మూడు తలుపుల దానికి 2250, అయిదు తలుపుల దానికి 2590. బ్రేకోవర్ కోణం 28 డిగ్రీల నుంచి 24కి పడిపోయింది. ఒకే క్లియరెన్స్, ఒకే ఇంజను. ఒక గట్టు మీంచి ఒకటి దాటుతుంది, రెండోది పొట్ట ఆనించి ఊగుతుంది. నా మటుకు నేను ఎప్పుడూ పొట్టి బండి వైపే. వెనక సీట్లో కూర్చునేవాళ్ళు తిట్టుకుంటారు, వాళ్ళ కోసం వేరే బండి ఉండాలి.

ఇక అసలు పాఠం.

పైన చెప్పిన ఎక్కుడు మీద, ఎడమ ముందు చక్రం గుంతలోకి వేలాడుతోంది, కుడి వెనక చక్రం కూడా తేలిపోయింది. మూలకు మూల. బండికి నాలుగు చక్రాల డ్రైవ్ ఉంది. ఏమవుతుంది? తేలిన రెండు చక్రాలు గాల్లో గిర్రున తిరుగుతాయి, నేల మీదున్న రెండూ కదలవు. కొత్తవాళ్ళు ఇక్కడ బండి చెడిపోయిందనుకుంటారు. మామూలు ఓపెన్ డిఫ్ తత్వమే అది. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ అది ఎప్పుడూ సమానమైన బలమే పంచుతుంది. గాల్లో ఉన్న చక్రాన్ని తిప్పడానికి దాదాపు ఏ బలమూ అక్కర్లేదు. దానికి అందేది సున్నాకు దగ్గర కాబట్టి రెండోదానికి అందేదీ అంతే. కనుక వెనక ఎంత పెద్ద అక్షరాలతో 4×4 అని రాసున్నా, డిఫ్‌లు ఓపెన్ అయితే మీకున్నది ముందొక చక్రం, వెనకొక చక్రం. అదీ తేలిగ్గా జారే చక్రం.

దీనికి మూడు మందులు. మొదటిది, చక్రం అసలు తేలకుండా చూడటం. యాక్సిల్ ఎంత వంగి నేలను అంటిపెట్టుకుంటే అంత మేలు. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ముందు స్వే బార్‌ను (మలుపుల్లో బండి ఒరగకుండా రెండు చక్రాలనూ కలిపే కడ్డీని) బటన్ నొక్కి విడదీసే ఏర్పాటు ఉన్నది ఇందుకే. రెండోది ట్రాక్షన్ కంట్రోల్: తిరిగిపోతున్న చక్రానికి కంప్యూటరు బ్రేకు వేస్తుంది, దాన్ని తిప్పడానికి ఇప్పుడు బలం కావాలి, అంతే బలం అవతలి చక్రానికీ అందుతుంది. బాగానే పనిచేస్తుంది, కానీ చక్రం ముందుగా తిరిగిపోతేనే దానికి తెలుస్తుంది. అది మేలుకునేలోపు చాలామంది భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తారు. వదలకూడదు, అలాగే నిలకడగా పట్టుకుని ఉండాలి. మూడోది లాకర్. రెండు చక్రాలనూ కలిపి కట్టేస్తుంది, ఒకటి తిరిగితే రెండోదీ తిరగాల్సిందే. చక్రం తేలినా, బురదలో ఉన్నా సంబంధం లేదు. గట్టి నేల మీద, మలుపులో మాత్రం తీసెయ్యాలి.

ఒక్క లాకరే వస్తుందంటే వెనకది తీసుకోండి. ఎక్కుడులో బరువంతా వెనక్కి జారుతుంది, పట్టు అక్కడే ఉంటుంది. ముందుది వేస్తే స్టీరింగ్ మొండికేస్తుంది. లిమిటెడ్ స్లిప్ డిఫ్ (ఒక చక్రం మరీ జారిపోకుండా కొంతవరకే ఆపే డిఫ్) ఉంది కదా, సరిపోదా అని ఇద్దరు అడిగారు. జారుడు నేలకి సరిపోతుంది. చక్రం పూర్తిగా గాల్లో ఉంటే చాలా రకాలు చేతులెత్తేస్తాయి.

ఇప్పుడు లో రేంజ్. ఫస్ట్ గేర్ నిష్పత్తి, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక యాక్సిళ్ళకు బలం పంచే పెట్టె) "లో" నిష్పత్తి, యాక్సిల్ నిష్పత్తి, ఈ మూడూ గుణిస్తే వచ్చేది క్రాల్ రేషియో. చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను ఎన్నిసార్లు తిరుగుతుందో అది. మాన్యువల్ జిమ్నీలో 4.425 × 2.002 × 4.090, అంటే సుమారు 36. మాన్యువల్ గేర్‌బాక్సు, 4.10 యాక్సిల్ ఉన్న రూబికాన్‌లో 5.13 × 4 × 4.10, అంటే 84. ఈ అంకెలతో ఏం చేయాలి? వేగం కట్టాలి. ఇంజను ఖాళీగా 800 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతోందనుకుందాం. 800ను 36తో భాగిస్తే చక్రం నిమిషానికి 22 చుట్లు. జిమ్నీ టైరు 195/80 ఆర్15, చుట్టుకొలత దాదాపు 2.18 మీటర్లు. నిమిషానికి 48 మీటర్లు, గంటకు 2.9 కి.మీ. మనిషి నడక కన్నా నెమ్మది. కాలు యాక్సిలరేటర్ మీద లేకుండానే! లో రేంజ్ లేకపోతే ఇదే బండి ఇదే గేరులో 5.8 కి.మీ. వేగంతో రాయి మీదికి వెళ్తుంది, లేదా మీరు క్లచ్‌ను సగం నొక్కి కాల్చుకుంటూ వెళ్తారు. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్ళకి మళ్ళీ చెప్పనక్కర్లేదు.

దిగుడులో దీని విలువ ఇంకా తెలుస్తుంది. లో ఫస్ట్‌లో వేసి బ్రేకు మీంచి కాలు తీస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్‌లో క్లచ్ బదులుండే టార్క్ కన్వర్టర్ కూడా బలాన్ని పెంచుతుంది కాబట్టి మాన్యువల్ అంకెతో దాని అంకెను నేరుగా పోల్చకండి. రాళ్ళ మీద ఆటోమేటిక్ సుఖమని ఒప్పుకుంటాను. కొనమంటే నేను మాన్యువలే కొంటాను, దానికి కారణం అడక్కండి.

లో రేంజ్ లేని "అ" లాంటి బళ్ళలో చాలావాటికి వెనక చక్రాలకు శక్తి పంపేది ఒక క్లచ్ ప్యాక్, అంటే ఒకదానికొకటి ఒరుసుకుని పట్టుకునే పలకల కట్ట. మంచు మీద, తడి రోడ్డు మీద హాయిగా ఉంటుంది. ఇసుకలో పది నిమిషాలు రుద్దితే వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వెనక చక్రాలను వదిలేస్తుంది. సరిగ్గా మీకు అవి కావాల్సినప్పుడు.

హార్స్‌పవర్ గురించి ఎందుకు రాయలేదని అడుగుతారేమో. అవసరం లేదు కనుక. పెద్ద అల్లాయ్ చక్రాల గురించి వచ్చే పాఠంలో, టైర్లతోపాటు. ఈలోగా 20 అంగుళాల చక్రాలున్న బండికి అడ్వాన్స్ కట్టకండి.

అభ్యాసం. పాత లెక్క మళ్ళీ చేయడం కాదు, ఇది కొత్తది, బద్ధకస్తులకు కాదు.

మీకు నచ్చిన మూడు బళ్ళు తీసుకోండి. ప్రతిదానికీ ఫస్ట్ గేర్, లో, యాక్సిల్ నిష్పత్తులు వెతికి క్రాల్ రేషియో కట్టండి. లో లేకపోతే 1తో గుణించండి, అప్పుడే ఏడుపొస్తుంది. టైరు సైజు నుంచి చుట్టుకొలత తీసి, 800 ఆర్‌పీఎం దగ్గర గంటకు ఎన్ని కిలోమీటర్లో రాయండి. తర్వాత వాటిలో ఒక్కదాన్నైనా నిజంగా చూడండి. చదునైన చోట ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, నేల మీద పడుకుని టార్చితో లోపలికి చూడండి. జాకీ మీద ఉన్న బండి కిందికి మాత్రం దూరకండి. అన్నిటికన్నా కిందికి ఉన్నదేమిటో పేరు పెట్టి రాయండి: డిఫా, సైలెన్సరా, ప్లాస్టిక్ తొడుగా, ట్రాన్స్‌ఫర్ కేసా. అది చక్రంతో కదిలేదా, బాడీతో దిగేదా రాయండి. టేపు లేకపోతే నాలాగే చెయ్యి పెట్టి చూడండి. జాన పట్టాలి. బెత్తెడే పడితే అక్కడే లేచి దుమ్ము దులుపుకోండి. తర్వాత నలుగురిని ఎక్కించి, అదే చోట మళ్ళీ కొలవండి. రెండు కొలతలూ పంపాలి. కంపెనీ కాగితం చూసి రాసిన క్లియరెన్స్ ఈసారి దిద్దను, తిప్పి పంపిస్తాను.