పెరట్లో దొరికిన చీమ రాణి అవునో కాదో గుర్తించడం

మృగశిర కార్తెలో తొలకరి వాన కురిసి వెలిసిన తరువాత కొన్ని రోజుల పాటు గోదావరి డెల్టా పెరళ్లలో, కొబ్బరి పాదుల్లో, కాలువ గట్ల మీద, పూలకుండీల చుట్టూ పెద్ద చీమలు ఒంటరిగా తిరుగుతూ కనబడతాయి. బారులో కలవకుండా, తిండి పట్టించుకోకుండా, ఇటుక సందులోనో రాలిన కొబ్బరి మట్ట కిందనో దూరడానికి చోటు వెతుకుతూ నడిచే చీమ కనబడితే అది రాణి కావడానికి అవకాశం ఎక్కువ. అయితే పెద్దదైనంత మాత్రాన ఏ చీమా రాణి అయిపోదు. చాలామంది పొరబడేది ఇక్కడే. పొడవును పక్కనబెట్టి, తలకూ పొట్టకూ మధ్య ఉండే ఉరం అనే భాగాన్ని చూడడం అలవాటు చేసుకుంటే సగం పని అయిపోయినట్లే.

ముందుగా ఉసిళ్ళను వేరు చేయాలి. వాన పడిన రాత్రి లైటు చుట్టూ మూగేవి, తెల్లారేసరికి గచ్చు మీద రెక్కలు కుప్పలుగా వదిలేవి ఎక్కువగా ఉసిళ్ళే. అవి చెద పురుగులు తప్ప చీమలు కావు. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవుగా ఉంటాయి, మీసాలు పూసలు గుచ్చినట్లు తిన్నగా ఉంటాయి, నడుము సన్నబడదు. రెక్కల చీమకు ముందు రెక్కలు వెనుక రెక్కల కంటే స్పష్టంగా పెద్దవి, ఉరానికీ పొట్టకూ మధ్య నడుము బాగా సన్నం. మీసాలు కూడా తిన్నగా ఉండవు, రాణి చీమలో మోచేయిలా వంగి ఉంటాయి.

రెక్కలున్న చీమలన్నీ రాణులు కావు, మగ చీమలకూ రెక్కలుంటాయి. మగ చీమ తల చిన్నది, కళ్లు తలతో పోలిస్తే పెద్దవి, ఒళ్లు సన్నం, మీసాల్లో ఆ వంపు అంతగా కనబడదు. అది జతకట్టిన తరువాత ఎక్కువ కాలం బతకదు, రెక్కలు రాల్చుకోదు. రాణి తల వెడల్పుగా, దవడలు బలంగా, పొట్ట నిండుగా ఉంటుంది. గాలిలో జతకట్టి నేలకు దిగాక ఆమె తన రెక్కలను తానే కాళ్లతో విరిచి పారేసి, ఆ ఒక్కసారి దాచుకున్న వీర్యంతోనే జీవితాంతం గుడ్లు పెడుతుంది. యూరప్ తోటల్లో ఉండే నల్లచీమ జాతి రాణి ఒకటి మనుషుల పెంపకంలో 28 ఏళ్లకు పైగా బతికినట్లు నమోదై ఉంది. అంతటి ఆయుష్షు గల ప్రాణి కనుక, తొందరపడి నలిపేయకుండా ఒకసారి నిదానంగా చూడమని నా మనవి.

చీమను వేళ్లతో పట్టుకోకూడదు. మెత్తని కుంచెతోనో ఆకు అంచుతోనో మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలోకి ఎక్కించి, కింద తెల్ల కాగితం పరిచి, పగటి వెలుతురులో భూతద్దంతో చూడాలి. పై నుంచి చూసి సరిపెట్టుకోకుండా పక్క నుంచి కూడా చూడాలి, ఎందుకంటే అసలు తేడా పక్క నుంచే తెలుస్తుంది. గూటి పనులు చేసే కూలి చీమ ఉరం తల కంటే సన్నగా, ఒకే సన్నని గట్టులాగా వెనక్కి సాగుతుంది. దానికి ఎన్నడూ రెక్కలు లేవు కనుక ఎగిరే కండరాల అవసరం లేదు. రాణి ఉరంలో ఒకప్పుడు ఆ కండరాలు నిండి ఉండేవి. అందువల్ల అది ఎత్తుగా, లావుగా, తల వెనుక నుంచే ఉబ్బెత్తుగా లేచి, పై భాగం అతుకులు కనబడే వేరువేరు పలకలుగా ఉంటుంది. ఆ పలకలకు ఇరుపక్కలా, రెక్కలు విరిగిన చోట చిన్న మచ్చలో మొండి ముక్కలో మిగులుతాయి. ఉరం లావుగా ఉండి ఆ మచ్చలు కూడా కనబడితే ఇక సందేహించనక్కరలేదు. నుదుటి మీద త్రికోణంగా అమరిన మూడు చుక్కల్లాంటి సరళ నేత్రాలు కనబడితే అది అదనపు సాక్ష్యం.

ఈ తేడా గండుచీమల్లో అభ్యసించడం సులువు. గండుచీమ కూలీల్లోనే చిన్నవీ పెద్దవీ ఉంటాయి, పెద్ద కూలి తల చాలా భారీగా ఉంటుంది. ఆ తలను చూసి రాణి అనుకునేవారు ఎక్కువ. రాణికి, ఆ పెద్ద కూలికి పొడవులో గొప్ప తేడా ఉండకపోవచ్చు గానీ, కూలికి తల వెడల్పు, ఉరం సన్నం. రాణికి ఉరం తలతో సమానంగా దిట్టంగా ఉంటుంది. కూలికి నుదుటి మీద మూడు చుక్కలూ ఉండవు.

మామిడి, జామ, సపోటా చెట్లపై ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్ర చీమల రాణిని చూస్తే అది వేరే జాతి పురుగేమో అనిపిస్తుంది. కూలీలు నారింజ ఎరుపు, రాణి మాత్రం ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు, రెండు సెంటీమీటర్ల పైచిలుకు పొడవు. కొత్తగా రెక్కలు రాల్చినది ఆకు వెనుకనో ముడుచుకున్న ఆకు మడతలోనో కదలక కూర్చుంటుంది. బాగా పెరిగిన కాపురంలో, అంటే కలిసి బతికే చీమల గుంపులో, గూళ్లు అనేకం ఉంటాయి, రాణి వాటిలో ఏదో ఒకదాంట్లో ఉంటుంది. కాబట్టి రాణి కోసమని గూడు చింపడం వృథా, కుట్టించుకోవడమే మిగులుతుంది.

కడియం నర్సరీల నుంచి తెచ్చిన కుండీల మట్టిలో కాపురముండే అతి చిన్న చీమల సంగతి వేరు. తల నల్లగా, పొట్ట లేతగా ఉండే చీమల రాణి కూడా మూడు మిల్లీమీటర్లకు మించదు, పైగా ఒకే కాపురంలో అనేక రాణులుంటాయి. మొక్కను పెరికి వేళ్ల ముద్దను విప్పినప్పుడు గుడ్ల కుప్ప దగ్గర, మిగతా వాటికంటే పొట్ట పొడవుగా, ఉరం కొంచెం ఉబ్బుగా ఉన్నవి వెతకాలి. ఒకటి దొరికిందని ఊరుకోకూడదు.

అసలు రాణే లేని చీమలు కూడా ఉన్నాయి. దక్షిణ భారతంలో విరివిగా ఉండే డయకమ్మా అనే మొద్దు నలుపు చీమల్లో రాణి రూపం పుట్టదు. కూలీలన్నీ ఉరం మీద రెండు చిన్న బొడిపెలతో బయటికి వస్తాయి, అప్పటికే గుడ్లు పెడుతున్న కూలి తక్కిన వాటి బొడిపెలను కొరికివేయడంతో ఆ ఒక్కదానికే అవి మిగులుతాయి. కనుక సెంటీమీటరు పొడవున, ఒంటి మీద సన్నని చాళ్లతో, సన్నని ఉరంతో ఒంటరిగా తిరిగే నల్లచీమ కనబడితే అది రాణి కాదు, మేతకు వచ్చిన కూలి.

లైటు దగ్గరికి వచ్చే లావైన గోధుమరంగు రెక్కల పురుగు, పొట్ట గొట్టంలా పొడవుగా ఉంటే, డోరిలస్ జాతి మగ చీమ కావచ్చు. దాని రాణికి ఎన్నడూ రెక్కలుండవు, ఆమె నేల అడుగునే ఉంటుంది. ఇక ఒళ్లంతా నూగుతో, పొట్ట మీద మచ్చలతో నేల మీద పరుగెత్తేది చీమే కాదు, రెక్కలు లేని ఆడ కందిరీగ. అది తీవ్రంగా కుడుతుంది, పట్టుకోవద్దు.

చూడడం అయ్యాక చీమను దొరికిన చోటే, నీడలో వదిలిపెట్టండి. మట్టి తవ్వుతుండగా చిన్న గది బయటపడి అందులో రాణి ఒంటరిగా ఉంటే, ఆ పెళ్లను మళ్లీ యథాతథంగా మూసివేయండి. గండుచీమ రాణి అలా తలుపు మూసుకుని, ఇక అక్కరలేని రెక్కల కండరాలనే కరిగించుకుని తొలి సంతానాన్ని పోషిస్తుంది. కూలీలు బయటికి వచ్చేదాకా ఆమె తిండి కోసం గది దాటదు.