ఫార్మాట్ కొట్టించే ముందు స్టాప్‌వాచ్ పట్టండి

మా బావది జిరాక్స్ షాపు. పొద్దున్నే షట్టర్ ఎత్తి, సీపీయూ బటన్ నొక్కి, ఊడ్చి నీళ్లు చల్లి, దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించి వచ్చి కూర్చున్నా తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉండేవి. హాల్ టికెట్ల రోజుల్లో పిల్లలు ఓ పది నిమిషాలు చూసి పక్క షాపుకి పోతున్నారని ఫోన్ చేశాడు. "మళ్లీ ఫార్మాట్ కొట్టించమంటున్నార్రా. కొట్టించేయనా?"

ఫార్మాట్ అంటే డిస్క్ తుడిచేసి విండోస్ మళ్లీ కొత్తగా వేయడం. ఆ ఏడాదిలో అప్పటికే రెండుసార్లు కొట్టించాడు. నెలన్నర బాగుంటుంది, తర్వాత మళ్లీ మొదటికే.

"ఆగు బావా. రేపు పొద్దున ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి మూడు టైములు రాసి పంపు" అన్నాను. బటన్ నొక్కిన దగ్గర్నుంచి లోగో కింద చుక్కలు మొదలయ్యేదాకా ఒకటి. అక్కణ్ణుంచి పాస్‌వర్డ్ అడిగేదాకా రెండోది. పాస్‌వర్డ్ కొట్టాక ఒక పీడీఎఫ్ తెరిచి ప్రింట్ ఇచ్చేదాకా మూడోది. డెస్క్‌టాప్ కనబడగానే వాచ్ ఆపేయొద్దని మరీ మరీ చెప్పాను. ఐకాన్లు కనబడినంత మాత్రాన సిస్టమ్ చేతికొచ్చినట్టు కాదు.

బావ పంపిన లెక్క: 12 సెకన్లు, 2 నిమిషాల 10 సెకన్లు, 3 నిమిషాల 40 సెకన్లు. ఈ మూడు చోట్లా సిస్టమ్‌ని ఆపేవి వేరు వేరు. మీ టైము ఎక్కడ పోతోందో చూసుకుని ఆ భాగానికే వెళ్లండి.

లోగో దగ్గరే నిలబడిపోతే

ఇక్కడ విండోస్ ఇంకా మొదలే కాలేదు. కాబట్టి ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఈ టైము తగ్గదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ పేజీలో పైన కుడివైపు "లాస్ట్ బయోస్ టైమ్" అని సెకన్లలో ఉంటుంది. బయోస్ అంటే విండోస్ కంటే ముందు లేచి బోర్డుని సిద్ధం చేసే ప్రోగ్రాము. బాగా పాత బోర్డుల్లో ఇది కనబడకపోవచ్చు. పది పదిహేను సెకన్లయితే వదిలేయండి. ముప్పై, నలభై ఉంటే ముందు పెన్‌డ్రైవులు, కార్డ్ రీడర్లు, బయటి హార్డ్ డిస్కులు అన్నీ పీకి చూడండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయని నా అనుభవం. తేలకపోతే బయోస్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో (దేన్నుంచి ముందు లేవాలో చెప్పే వరుస) నెట్‌వర్క్ బూట్ పైన ఉందేమో చూసి, విండోస్ ఉన్న డిస్క్‌ని మొదటి స్థానంలో పెట్టండి.

తేదీ, టైము రోజూ వెనక్కి పోతున్నాయా? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ అయిపోయింది. సీఆర్ 2032 అని అడిగితే వాచీల షాపులోనూ ఇస్తారు. కొత్తది వేశాక బయోస్‌లో టైము సరిచేయడం మర్చిపోవద్దు.

డీడీఆర్ 5 రకం ర్యామ్ (సిస్టమ్ పనిచేసేటప్పుడు వాడే మెమరీ) ఉన్న కొత్త సిస్టమ్‌కి ఇంకో సంగతి. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగా ఉండి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. బోర్డు ఆ ర్యామ్‌కి తగిన టైమింగులు సరిచూసుకుంటుంది. కంగారుపడి కరెంటు తీసేస్తే ఆ తంతు మళ్లీ మొదలవుతుంది.

చుక్కలు తిరుగుతూనే ఉంటే

పాత సిస్టమ్‌లో ఇక్కడ టైము పోతోందంటే నేను ముందు అనుమానించేది హార్డ్ డిస్క్‌నే. విండోస్ లేచేటప్పుడు డిస్క్‌లో చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ఫైళ్లు చదవాలి. 7200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) డిస్క్ సెకనుకి 120 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకి దాదాపు 8 మిల్లీసెకన్లు. ఆ పైన చదివే ముల్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగాలి. అలా సెకనుకి వంద చిల్లర ఫైళ్లు చదివితే గొప్ప. చాలా ల్యాప్‌టాప్‌లలో వచ్చింది 5400 ఆర్‌పీఎం, అది ఇంకా నిదానం. హార్డ్ డిస్క్‌కి బదులు పెట్టే, చిప్‌లతో చేసిన ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. మామూలు రకం కూడా సెకనుకి వేలల్లో చదువుతుంది.

గుర్తుపట్టడం తేలిక. లాగిన్ అవగానే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తూ, పక్కన వేగం మాత్రం ఒకటి రెండు ఎంబీలే ఉంటే, డిస్క్ పరుగెత్తి పరుగెత్తి ఆయాసపడుతోందన్నమాట.

ఫార్మాట్ కొట్టాక నెలన్నర ఎందుకు బాగుంటుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. కొత్తగా వేసిన విండోస్ ఫైళ్లు ఒకచోట సర్దుకుని ఉంటాయి, వెంట లేచే ప్రోగ్రాములు ఉండవు. అప్‌డేట్లు, ప్రింటర్ సాఫ్ట్‌వేర్లు, వాళ్లవీ వీళ్లవీ చేరాక పాత కథే. డిస్క్ మాత్రం అదే డిస్క్.

ఎస్‌ఎస్‌డీ కొనే ముందు పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. అది చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాము ఉచితం. నీలం రంగులో "గుడ్" అని ఉంటే సరే. పసుపు రంగులో "కాషన్" అని వచ్చి, రీఅలోకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టేసిన చోట్లు) గానీ పెండింగ్ సెక్టార్లు (సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు) గానీ పెరుగుతున్నాయంటే డిస్క్ చివరి దశలో ఉంది. అప్పుడు మొదట చేయాల్సింది బ్యాకప్. డిస్క్ తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ నడిపితే బాగవుతుందని చాలామంది దానితో మొదలుపెడతారు. డిస్క్ అంతా గంటల తరబడి గీకి చదివే ఆ పనిలోనే ఊపిరి పోయిన డిస్కులు ఉన్నాయి. సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిన లెక్క) ఒక్కటే పెరుగుతుంటే మాత్రం తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు, డిస్క్‌ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి.

బావ డిస్క్‌లో పెండింగ్ సెక్టార్లు ఉన్నాయి. రెండుసార్లు ఫార్మాట్ కొట్టినవాళ్లు ఒక్కసారీ ఇది చూడలేదు, అదీ నా బాధ. ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి ఎత్తి, సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టి, విండోస్ కొత్తగా వేశాం. డిస్క్ బాగున్నవాళ్లు క్లోనింగ్ (పాతదాన్ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ) చేసుకుంటే చాలు. బోర్డు మీద ఎం.2 స్లాట్ (సన్న పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఉంటే మాన్యువల్ చూసి కొనండి, ఒకే ఆకారంలో సాటా రకానివీ ఎన్‌వీఎంఈ రకానివీ రెండూ ఉంటాయి. విండోస్ వేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకేయాలి. లేకపోతే బూట్ ఫైళ్లు పాతదాంట్లోనే కూర్చుని, రేపు అది తీసేస్తే కొత్తది లేవదు. లైసెన్సు గురించి భయం అక్కర్లేదు. డిజిటల్ లైసెన్సు మదర్‌బోర్డుని పట్టుకుని ఉంటుంది, నెట్ రాగానే తనే యాక్టివేట్ అవుతుంది.

పాస్‌వర్డ్ కొట్టాక బిగుసుకుపోతే

స్టార్టప్ పేజీకే మళ్లీ వెళ్లండి. బావ దాంట్లో మూడు ప్రింటర్లని కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాములు (ఒక ప్రింటర్ అమ్మేసి రెండేళ్లయింది), ఎప్పుడో ఒకసారి వాడిన మీటింగ్ యాప్, టోరెంట్ డౌన్‌లోడ్ ప్రోగ్రాము, రెండు యాంటీవైరస్‌లు ఉన్నాయి. అక్కర్లేనిదాని మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ చేస్తే చాలు. ప్రోగ్రాము పోదు, తనంతట తాను లేవడం ఆగుతుంది. సౌండ్, టచ్‌ప్యాడ్ వాటిని కదపకండి. రోజూ వాడే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఉండనివ్వండి.

రెండు యాంటీవైరస్‌లు ఒకే ఇంట్లో ఇద్దరు కాపలాదారుల్లాంటివి, తెరిచిన ప్రతి ఫైలునీ ఇద్దరూ తడిమి చూస్తారు. ఒకటి తీసేయండి. మామూలు వాడకానికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ సరిపోతుంది.

ఏమీ తెరవకుండానే మెమరీ 80 శాతం దాటితే ర్యామ్ చాలట్లేదు. విండోస్ 11కి 4 జీబీ కనీసమని రాశారు గానీ, దాంతో పనిచేయాలంటే సహనం కూడా కొనుక్కోవాలి. 8 జీబీ చేయండి. డీడీఆర్ 3, డీడీఆర్ 4 గాట్లు వేరు వేరు చోట్ల ఉంటాయి, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు, మీది ఏదో ముందే చూసుకోండి. వేగం పెంచుతామనే రిజిస్ట్రీ క్లీనర్లు, బూస్టర్ల జోలికి వెళ్లొద్దు. స్టార్టప్‌లో ఇంకొకటి చేరడం తప్ప ఒరిగేది లేదు.

పాస్‌వర్డ్ తర్వాత నల్ల తెర మీద బాణం గుర్తు మాత్రమే కనబడుతుంటే, ఇప్పుడు లేని వేరే కంప్యూటర్ నుంచి కలిపిన నెట్‌వర్క్ డ్రైవ్ ఏమైనా ఉందేమో చూసి తీసేయండి. అదీ కాకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ వేయండి.

రీస్టార్ట్ బాగుంది, పొద్దున ఆన్ చేస్తేనే ఆలస్యం

విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. షట్‌డౌన్ కొట్టినా సిస్టమ్ కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకుని, మర్నాడు దాన్నే ఎత్తుకుంటుంది. పూర్తిగా మొదట్నుంచి లేచేది రీస్టార్ట్ కొడితేనే. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీలో "అప్ టైమ్" చూడండి, రోజూ షట్‌డౌన్ చేసేవాళ్లకి కూడా రోజుల లెక్క కనబడుతుంది. రీస్టార్ట్ వేగంగా ఉండి ఉదయం మాత్రం నిదానమైతే కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో దీన్ని ఆపి రెండు రోజులు చూడండి. తేడా లేకపోతే మళ్లీ ఆన్ చేసేయండి, హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లకి అది మేలే చేస్తుంది.

బావ సిస్టమ్ ఇప్పుడు అర నిమిషంలో ప్రింట్‌కి సిద్ధం. తీసిన పాత డిస్క్‌ని పాత సామాన్లవాడికి వేద్దామన్నాడు. ఏళ్ల తరబడి ఊళ్లోవాళ్ల ఆధార్, పాన్ స్కాన్లు దాంట్లోనే ఉన్నాయి. క్విక్ ఫార్మాట్ కొట్టినా వాటిని వెనక్కి లాగే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. కాబట్టి బ్యాకప్ సరిగ్గా వచ్చిందని రెండుసార్లు చూసుకుని, పక్కనున్న వెల్డింగ్ షాపులో లోపలి పళ్లేల దాకా నాలుగు చిల్లులు పెట్టించాం.