ట్రిమ్మరు, షేవరు, స్ట్రెయిట్‌నరు హ్యాండ్ బ్యాగులో ఎలా సర్దుకోవాలి?

వైజాగ్ నుంచి హైదరాబాదో బెంగుళూరో రెండ్రోజుల పని మీద వెళ్ళేవాళ్ళం చెక్-ఇన్ బ్యాగు జోలికి పోం, 7 కిలోల హ్యాండ్ బ్యాగు ఒకటి భుజాన తగిలించుకుని బయల్దేరిపోతాం. సరిగ్గా అప్పుడే డౌటొస్తుంది, ట్రిమ్మరు లోపలికి రానిస్తారా, స్ట్రెయిట్‌నరు తీసేయమంటారా అని. రెండూ రానిస్తారు. బ్యాటరీ ఉన్న వస్తువు మనతోపాటు పైకి, విడి బ్లేడు ఉన్న వస్తువు కింద చెక్-ఇన్‌లోకి, ఈ ఒక్క లెక్క బుర్రలో పెట్టుకుంటే సగం పనైపోయినట్టే.

ముందు రోజు రాత్రే అన్నీ మంచం మీద పరిచెయ్యండి. ట్రిమ్మరు కొన్నప్పుడు ఇచ్చిన జిప్పు పౌచ్ ఉంటుంది చూడండి, అందరూ దాన్ని అలాగే ఎత్తి బ్యాగులో పడేస్తారు, అసలు తంటా అంతా అందులోనే. ఓసారి తెరిచి చూడండి, కొన్ని కిట్లలో ట్రిమ్మరు, దువ్వెనలు, చిన్న నూనె సీసాతోపాటు మూలన ఓ బుల్లి కత్తెర కూడా ఉంటుంది. స్కానింగ్‌లో ఆపేది ట్రిమ్మర్ని కాదు, ఆ కత్తెర్ని. మొనదేలిన కత్తెర మన ఎయిర్‌పోర్టుల్లో క్యాబిన్‌లోకి రానివ్వరు, కాబట్టి ఇంట్లోనే వదిలేయండి. నూనె సీసా మూత బిగించి చిన్న కవర్లో చుట్టండి, లేదంటే కారి పౌచంతా జిడ్డైపోద్ది.

రేజర్ల సంగతికొస్తే యూజ్ అండ్ త్రో రేజరు, కార్ట్రిడ్జ్ రేజరు మామూలుగా వదిలేస్తారు. పాతకాలం సేఫ్టీ రేజరులో వేసే విడి బ్లేళ్ళు మాత్రం ప్యాకెట్ సీలు తీయకపోయినా కుదరదు, దిగాక ఏ కిరాణా కొట్లో అయినా దొరికేవాటి కోసం లైన్లో వాదన పెట్టుకోవడం నా దృష్టిలో దండగ.

ఇక బ్యాటరీ. చార్జింగ్ ట్రిమ్మరు, షేవరు, ఎపిలేటరు, కరెంటు టూత్‌బ్రష్షు, వీటిల్లో ఇప్పుడు ఎక్కువగా లిథియం బ్యాటరీలే ఉంటున్నాయి. ఒక్కో బ్యాటరీకి లిమిట్ 100 వాట్ అవర్లు (వోల్టుల్ని ఎంఏహెచ్‌తో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేది), ట్రిమ్మరు దాని దరిదాపులకి కూడా రాదు, 3.7 వోల్టులు, 600 ఎంఏహెచ్ అనుకుంటే 2.2 వాట్ అవర్లే. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కూడా 74 దగ్గర ఆగిపోద్ది. కానీ పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు చెక్-ఇన్‌లో అస్సలు వెయ్యకూడదు, అంటుకుంటే క్యాబిన్‌లో అయితే ఎవరో ఒకరు చూస్తారు, కింద సామాన్లు పెట్టే హోల్డ్‌లో చూసే దిక్కుండదు కదా. ఇంకోటి, ఇక్కణ్ణుంచి సింగపూర్ వెళ్ళే స్కూట్ ఎయిర్‌లైన్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడటం బంద్, కాబట్టి చార్జింగ్ ఇంట్లోనే ఫుల్ చేసుకోండి.

తర్వాత లాక్. బ్యాగులో దానంతటదే ఆన్ అవ్వకుండా ఆపే ట్రావెల్ లాక్ ఉన్న మోడలైతే చాలావాటిలో ఆన్ బటన్ని కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే పడుతుంది, లేకపోతే బటన్ నొక్కుకోకుండా గట్టి డబ్బాలో పెట్టండి, బ్యాగులోంచి గుయ్యిమని సౌండొస్తే చుట్టుపక్కల వాళ్ళు మనల్నే చూస్తారు. పెన్సిల్ సెల్లుతో నడిచే ముక్కు ట్రిమ్మరైతే సెల్లు తీసి, దాని కొసలకి టేపు అంటించండి. హెడ్ కడిగాక బాగా ఆరనిచ్చి సర్దండి, అసలే మన సముద్రపు గాలి, తడి మీద మూసేస్తే బ్లేడు తుప్పు పట్టేస్తుంది. వెంట్రుకలు కూడా బ్రష్‌తో దులిపెయ్యండి, పౌచ్ తెరవమంటే లైన్లో పరువు పోద్ది.

ప్లగ్గుకి పెట్టే డ్రయ్యరు, స్ట్రెయిట్‌నరుతో గొడవే లేదు, పొద్దున ఫ్లైటుకి హడావుడిగా వాడి వేడివేడిగా బట్టల మధ్య కుక్కకుండా ఉంటే చాలు. వైరు లేని చార్జింగ్ స్ట్రెయిట్‌నరైతే ఎయిర్‌లైన్‌ని ముందే అడగండి, వేడెక్కే వస్తువు కాబట్టి బ్యాటరీ విడదీయడం కుదరకపోతే కొందరు ఒప్పుకోరు. గ్యాసుతో నడిచే కర్లరైతే మనిషికి ఒక్కటే, వేడయ్యే భాగం మీద మూత ఉండాలి, గ్యాసు రీఫిల్ ఎందులోనూ కుదరదు.

ఫారిన్ వెళ్తుంటే షేవింగ్ ఫోమ్, జెల్, ఆఫ్టర్ షేవ్ ఒక్కోటి 100 ఎంఎల్ దాటకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు ట్రాన్స్‌పరెంట్ కవర్లో పట్టాలి. సగం అయిపోయిన 200 ఎంఎల్ డబ్బా అంటే నడవదు, డబ్బా సైజే చూస్తారు. ఫ్యాన్సీ షాపులో చిన్న సీసాలు దొరుకుతాయి, వాటిలో పోసుకోండి. చార్జరు మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడండి, మన 230 వోల్టుల డ్రయ్యరు అమెరికా 120లో సరిగా వేడెక్కదు, అడాప్టరు పిన్ను మారుస్తుంది గానీ వోల్టేజీ మార్చదు.

ఈ పౌచ్ బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టండి, ట్రేలో వెయ్యమంటే చటుక్కున తీసేలా. ఏటీఆర్ లాంటి చిన్న విమానాల్లో పైన చోటు లేదని మెట్ల దగ్గర బ్యాగు తీసేసుకుంటారు, అప్పుడు ఇచ్చేముందే పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు బయటికి లాగేసుకోండి. ఇంత చేశాక కూడా ఏ మూలో కత్తెర బయటపడితే, టైముంటే వెనక్కెళ్ళి చెక్-ఇన్‌లో వేయించొచ్చేమో అడగండి, లేదంటే అక్కడే వదిలేసుకోండి, దింపిన బావగారిని పిలిచి ఇచ్చేద్దామంటే ఆయన ఈపాటికి ఎన్ఏడీ జంక్షన్ దాటేసుంటారు.